అంత ఆట ఆడినవాడు అంత తొందరగా ఎలా పోయాడు?

క్లుప్తంగా: ఫుట్‌బాల్ ఆడినవాళ్లు మిగతా జనం కంటే ముందే పోతారని లెక్కలు చెప్పడం లేదు. దొరికిన పెద్ద లెక్కలు దానికి ఎదురే చెబుతున్నాయి. అయితే ఆట ఇచ్చిన రక్షణ ఆట మానాక నిలవదు, ఆట తగిలించిన దెబ్బ మాత్రం నిలుస్తుంది. ఆ దెబ్బ బయటపడే పదిహేను, ఇరవై ఏళ్ల గురించి సంతాప సభల్లో ఎవరూ మాట్లాడరు.

ఫ్లెక్సీ మీది వయసు

విశాఖపట్నంలో ఒకప్పటి ఫుట్‌బాల్ ఆటగాడు కన్నుమూస్తే, చాలాసార్లు అంత్యక్రియలు పూర్తయ్యేలోపే అతను పెరిగిన పేటలో ఫ్లెక్సీ కడతారు. దానికోసం ఇంట్లోవాళ్లను అడిగి తెచ్చే ఫొటో సాధారణంగా పాతదే. జట్టుతో దిగిన గ్రూప్ ఫొటోలోంచి కత్తిరించింది, పక్కవాడి భుజం ఇంకా కొంచెం కనిపిస్తూనే ఉంటుంది. కింద జననం, మరణం అని రెండు తేదీలు. ఫొటోలోని మనిషికి పాతికేళ్లు. తేదీలు లెక్కేస్తే నలభై చిల్లర. దారినపోయేవాళ్ల కన్ను ఫొటోనే నమ్ముతుంది. "అంత ఫిట్‌గా ఉండేవాడు, అదేంటి ఇలా?" అన్న మాట అక్కడే పుడుతుంది.

ఏ ఊళ్లోనైనా ఇంతే గానీ, విశాఖలో దీనికి ఇంకో కారణం తోడవుతుంది. ఇక్కడ ఫుట్‌బాల్ ఎక్కువగా సంస్థల నీడన బతికింది. రైల్వే, పోర్టు, నేవీ, స్టీల్‌ప్లాంట్, ఆంధ్రా యూనివర్సిటీ. బూట్లు విప్పిన మర్నాటి నుంచి ఆటగాడు అందరిలాంటి ఉద్యోగే. షిఫ్టు, ఓవర్‌టైమ్, పిల్లల ఫీజులు. అతని పొట్ట పెరగడం, నడక మారడం తోటి ఉద్యోగులు చూస్తారు గానీ గ్యాలరీలో కూర్చుని కేకలు పెట్టినవాళ్లు చూడరు. వాళ్ల లెక్కలో అతనికి ఆఖరి మ్యాచ్ నాటి వయసే. అందుకే నలభై తొమ్మిదేళ్ల మనిషి పోయినా ఊరు పాతికేళ్ల కుర్రాడు పోయినట్టు ఏడుస్తుంది.

భారత జట్టు మాజీ కెప్టెన్ కార్ల్‌టన్ చాప్‌మన్ 2020 అక్టోబరు 12న బెంగళూరులో గుండెపోటుతో పోయారు. ఆయనకు 49 ఏళ్లు. ఆ రోజు అభిమానులు గుర్తు చేసుకున్నది 1993లో ఇరాక్ క్లబ్ అల్ జవ్రా మీద ఈస్ట్ బెంగాల్ 6-2 తేడాతో గెలిచినప్పుడు ఆయన కొట్టిన హ్యాట్రిక్‌ను. 2001లో ఆట మానేశాక కోచ్‌గా గడిపిన దాదాపు రెండు దశాబ్దాలు ఒక్క వాక్యంలో అయిపోయాయి.

రెండు మరణాలు, ఒకే గాట

జనంలో ఉన్న గందరగోళానికి ప్రధాన కారణం, రెండు వేర్వేరు రకాల మరణాలను ఒకే గాటన కట్టడం.

ఆడుతూ ఆడుతూ కుప్పకూలడం మొదటి రకం. 2003 జూన్‌లో కాన్ఫెడరేషన్స్ కప్ సెమీఫైనల్లో కామెరూన్ మిడ్‌ఫీల్డర్ మార్క్ వివియన్ ఫో 28 ఏళ్లకే అలా పోయాడు. 2021 యూరో కప్‌లో డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ గుండె ఆగిపోతే సీపీఆర్, డీఫిబ్రిలేటర్ షాక్ అతన్ని వెనక్కి తెచ్చాయి. ముప్పై అయిదేళ్ల లోపు ఆటగాళ్లలో ఇలాంటివాటి వెనుక చాలావరకు పుట్టుకతోనో వంశపారంపర్యంగానో వచ్చిన లోపాలుంటాయి. గుండె కండరం మందంగా ఉండటం, గుండె లయ తప్పడం లాంటివి. జోరుగా పరుగెత్తడం వాటిని బయటపెడుతుంది.

ఆట మానేసిన చాలా ఏళ్లకు వచ్చే గుండెపోటు అది కాదు. రక్తనాళాల్లో కొవ్వు పేరుకుని దారి మూసుకుపోవడం. ఇది ఆటగాడికి ప్రత్యేకంగా వచ్చే జబ్బు కాదు, పొరుగింటి గుమస్తాకు వచ్చేదే. పైగా మన ప్రాంతంలో అది తొందరగా వస్తుంది. గుండెపోటు కారణాలపై పలు దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం ప్రకారం దక్షిణాసియా దేశాల్లో మొదటి గుండెపోటు సగటు వయసు 53 ఏళ్లు, మిగతా దేశాల్లో 58.8. సగటు అంటే చాలామందికి అంతకంటే ముందే వస్తోందని. ఆ లెక్కన నలభైల్లో గుండెపోటు మన దగ్గర అరుదైన సంగతి కాదు. మాజీ ఆటగాడికి వస్తే ఫ్లెక్సీ పడుతుంది, గుమస్తాకు వస్తే పడదు, అంతే తేడా.

కోవిడ్ తర్వాత ఇలాంటి ప్రతి వార్త కిందా టీకా ప్రస్తావన వస్తోంది కాబట్టి ఒక మాట. 18 నుంచి 45 ఏళ్ల మధ్యవారి ఆకస్మిక మరణాలపై భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దేశంలోని 47 ఆసుపత్రుల్లో జరిపిన అధ్యయనం, టీకా వల్ల ఆ ముప్పు పెరగలేదని 2023లో తేల్చింది. కోవిడ్‌తో ఆసుపత్రి పాలవడం, కుటుంబంలో అలాంటి మరణాలు ఉండటం, అంతకు ముందు రెండు రోజుల్లో అతిగా తాగడం, తీవ్రంగా శ్రమించడం ముప్పు పెంచాయని చెప్పింది. చివరిది మాజీ ఆటగాళ్లు గమనించాల్సింది. పదిహేనేళ్లు బంతి ముట్టనివాడు వెటరన్స్ మ్యాచ్‌లో దిగి పాత వేగం అందుకోబోవడం సరిగ్గా ఆ కోవలోకే వస్తుంది.

సగటు చెప్పేది వేరు

ఫిన్లండ్ తరఫున 1920 నుంచి 1965 దాకా అంతర్జాతీయ పోటీల్లో ఆడిన క్రీడాకారుల ఆయుర్దాయాన్ని 1993లో అచ్చయిన అధ్యయనం లెక్కగట్టింది. దూరపు పరుగులాంటి ఆటలవారికి సగటున 75.6 ఏళ్లు, ఫుట్‌బాల్ లాంటి జట్టు ఆటలవారికి 73.9, బరువులెత్తడం లాంటి బలప్రదర్శన ఆటలవారికి 71.5, ఆటలతో సంబంధం లేని మామూలు జనానికి 69.9. అంటే జట్టు ఆటగాళ్లు నాలుగేళ్లు ఎక్కువే బతికారు.

మన జట్టులోనూ ఈ సంగతి కనిపిస్తుంది. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులోని ముగ్గురు ఫార్వర్డ్‌లను తీసుకుంటే, పీకే బెనర్జీ 83 ఏళ్లు, చునీ గోస్వామి 82 ఏళ్లు, సికింద్రాబాద్‌కు చెందిన తులసీదాస్ బలరాం 86 ఏళ్లు బతికారు. బలరాం సంగతి మరీ చిత్రం. 1963లో క్షయ సోకి 27 ఏళ్లకే ఆట మానాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆరు దశాబ్దాలు బతికి 2023 ఫిబ్రవరిలో పోయారు. అదే జట్టుకు కోచ్, ఒకప్పటి ఆటగాడు, హైదరాబాద్ బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం మాత్రం స్వర్ణం తెచ్చిన ఏడాదిలోపే, 1963 జూన్‌లో, 53 ఏళ్లకే ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆ తర్వాత భారత ఫుట్‌బాల్‌కు ఆసియా క్రీడల్లో మళ్లీ స్వర్ణం లేదు. 1970లో బ్యాంకాక్‌లో వచ్చిన కాంస్యమే ఆఖరి పతకం.

'భారత మారడోనా' అనిపించుకున్న కృశాను డే 2003లో 41 ఏళ్లకే పోవడం అందరికీ గుర్తుంటుంది. ఎనభై దాటి బతికినవారు పోతే అది వార్త మాత్రమే. తొందరగా పోయినవారే మనసులో ఉండిపోతారు. జ్ఞాపకం చేసే ఈ ఎంపిక వల్ల, 'ఫుట్‌బాలర్లు తొందరగా పోతారు' అన్న అభిప్రాయం లెక్కలతో పని లేకుండానే గట్టిపడుతుంది.

మోకాలి దగ్గర మొదలై

సగటు బాగున్నంత మాత్రాన ప్రతి ఒక్కరూ బాగుంటారని కాదు. దారి తప్పేది సాధారణంగా మోకాలి దగ్గరే.

విశాఖ కుర్రాళ్లు ఆట నేర్చేది ఎక్కువగా ఎర్రమట్టి గ్రౌండ్లలో, ఇసుకలో. అక్టోబరు, నవంబరు వానలకు కోసుకుపోయి రాళ్లు తేలిన నేల మీద ఒక్కసారిగా మలుపు తిరిగితే కాలు ఆగిపోతుంది, మోకాలు తిరుగుతుంది. ఎముకలను కలిపి ఉంచే లిగమెంట్ తెగుతుంది, లేదా కీలులో మెత్తలా ఉండే మెనిస్కస్ చిరుగుతుంది. ఆపరేషన్ చేయించుకునే స్తోమత, ఆర్నెల్లు కూర్చునే వీలు ఉన్నవాళ్లు తక్కువ. క్రేప్ బ్యాండేజీ చుట్టి, నొప్పి మాత్ర వేసుకుని, ఫైనల్ అయితే ఇంజెక్షన్ కూడా వేయించుకుని దిగుతారు. అలా ఆడినవాణ్ని మనమే 'గుండె ధైర్యం ఉన్నోడు' అని మెచ్చుకుంటాం.

ఆ మోకాలు నలభై ఏళ్లకే అరుగుతుంది. మాజీ ఫుట్‌బాల్ ఆటగాళ్లలో మోకాళ్ల అరుగుదల మామూలు జనంలో కంటే ఎక్కువని పలు దేశాల అధ్యయనాలు చూపాయి. నొప్పితో పరుగు ఆగుతుంది, తర్వాత నడక తగ్గుతుంది. తిండి మాత్రం రోజుకు రెండు పూటలా ప్రాక్టీస్ చేసిన రోజుల నాటిదే. బరువు, బీపీ, షుగర్ వరసగా వస్తాయి. ఏళ్ల తరబడి మింగే నొప్పి మాత్రలు బీపీని ఇంకొంచెం పెంచి, కిడ్నీల మీద కూడా భారం వేస్తాయి. మరణ కారణం దగ్గర 'గుండెపోటు' అని రాస్తారు. ఇరవై అయిదేళ్ల కిందట ఏదో లీగ్ మ్యాచ్‌లో తిరిగిన మోకాలి గురించి అక్కడ రాయడానికి గడి ఉండదు.

ఆడే రోజుల్లో గుండె సంపాదించిన శక్తి అప్పటికి ఎటూ మిగలదు. శిక్షణతో పెద్దదైన గుండె, తగ్గిన నాడి, శిక్షణ ఆపాక కొన్ని వారాల నుంచి నెలల్లో చాలావరకు మామూలు స్థితికి వచ్చేస్తాయి. వ్యాయామం ఫిక్స్‌డ్ డిపాజిట్ కాదు, కరెంట్ ఖాతా.

తలతో కొట్టిన బంతులు

వెస్ట్ బ్రామిచ్ ఆల్బియన్ స్ట్రైకర్ జెఫ్ ఆస్టిల్ హెడింగ్‌కు, అంటే బంతిని తలతో కొట్టడానికి, పెట్టింది పేరు. 2002 జనవరిలో 59 ఏళ్లకే చనిపోయాడు. అప్పటికే మతి పూర్తిగా పోయింది. విచారణ జరిపిన ఇంగ్లండ్ కరోనర్ (మరణ కారణాన్ని తేల్చే అధికారి) ఆ మరణాన్ని 'వృత్తి వ్యాధి'గా నమోదు చేశాడు. బొగ్గు గని కార్మికుడి ఊపిరితిత్తుల జబ్బును ఎలా చూస్తారో, బంతిని తలతో కొట్టినవాడి మెదడు జబ్బునూ అలాగే చూడటం అన్నమాట. 2014లో మెదడును మళ్లీ పరీక్షించినప్పుడు, అది తలకు పదే పదే దెబ్బలు తగిలినవారిలో కనిపించే సీటీఈ అని తేలింది.

ఆస్టిల్ కుటుంబం ఊరుకోకుండా పోరాడటమే 2019 నాటి గ్లాస్గో అధ్యయనానికి ఊపునిచ్చింది. 7,676 మంది స్కాట్లండ్ మాజీ ప్రొఫెషనల్ ఆటగాళ్లను దాదాపు 23,000 మంది మామూలు పౌరులతో పోల్చారు. మెదడు క్షీణించే జబ్బులతో చనిపోవడం ఆటగాళ్లలో మూడున్నర రెట్లు ఎక్కువ. గుండె జబ్బులతో, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోవడం తక్కువ. డెబ్బై ఏళ్ల దాకా మొత్తం మరణాల రేటే వాళ్లలో తక్కువ. రెండూ ఒకే అధ్యయనంలోవి. ఎవరికి కావాల్సింది వాళ్లు ఏరుకుని వాట్సాప్‌లో పెట్టుకోవడం మామూలే. స్వీడన్‌లో 6,007 మంది ఆటగాళ్ల మీద 2023లో వచ్చిన అధ్యయనంలో మెదడు క్షీణత ముప్పు ఒకటిన్నర రెట్లే తేలింది, గోల్‌కీపర్లలో ఆ పెరుగుదల కనిపించలేదు. బంతిని చేత్తో పట్టేవాడికీ తలతో కొట్టేవాడికీ మధ్య ఈ తేడా ఉండటం అనుమానాన్ని హెడింగ్ వైపే చూపిస్తోంది.

నీళ్లు పీల్చి బరువెక్కే పాత తోలు బంతుల కాలం పోయింది కదా అంటారు. నిజమే. ఇప్పటి బంతి నీళ్లు పీల్చదు, కానీ ఇంకా వేగంగా వస్తుంది.

ఇంగ్లండ్‌లో 2021 నుంచి ప్రొఫెషనల్ ఆటగాళ్లకు శిక్షణలో వారానికి పది బలమైన హెడర్లకు మించొద్దని మార్గదర్శకం ఉంది. పిల్లల మ్యాచ్‌లలో హెడింగ్‌ను దశలవారీగా తీసేస్తున్నారు. అమెరికాలో పదేళ్లలోపు పిల్లలకు 2015లోనే వద్దన్నారు. విశాఖ వేసవి శిబిరాల్లో ఇది అమలు చేయడానికి పైసా ఖర్చు లేదు.

ఉద్యోగమే భరోసా

మన దేశంలో 1996లో నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ మొదలయ్యే దాకా ప్రొఫెషనల్ అనే మాటకు గట్టి అర్థమే లేదు. ఆటగాడి భవిష్యత్తంతా స్పోర్ట్స్ కోటా ఉద్యోగమే. విమర్శలెన్ని ఉన్నా, ఆ పద్ధతి ఒక మేలు చేసింది. రైల్వేలో చేరినవాడికి రైల్వే ఆసుపత్రి, పోర్టులో చేరినవాడికి పోర్టు ఆసుపత్రి, ఉక్కునగరంలో ఉన్నవాడికి స్టీల్‌ప్లాంట్ ఆసుపత్రి రిటైరయ్యే దాకా అందుబాటులో ఉన్నాయి. ఏటా ఎవరో ఒకరు బీపీ చూసేవారు.

2014లో మొదలైన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) తరం దారి వేరు. సంపాదన ఎక్కువ, కాలం తక్కువ. కాంట్రాక్టు ముగిస్తే ఫిజియో, డాక్టర్ కూడా ముగిసినట్టే. ముప్పై రెండేళ్లకు క్లబ్ వదిలేసిన ఆటగాడికి మిగిలేది సొంత ఇన్సూరెన్సో, కార్డుంటే ఎన్టీఆర్ వైద్య సేవో, లేదా కేజీహెచ్ ఓపీ క్యూనో.

ప్రభుత్వ పెన్షన్ ఉంది కదా అనుకుంటారు. కేంద్రం 1994 నుంచి ఇస్తున్న క్రీడాకారుల పెన్షన్ ఒలింపిక్స్, ప్రపంచ కప్, ఆసియా, కామన్వెల్త్ క్రీడల పతకాల మీద ఆధారపడింది. ఆసియా క్రీడల్లో మన ఫుట్‌బాల్ ఆఖరి పతకం 1970 నాటిది. అంటే ఆ తర్వాత అర్ధశతాబ్దంగా ఆడినవారికి, దక్షిణాసియా దేశాల శాఫ్ కప్‌లు ఎన్ని గెలిచినా, ఆ తలుపు మూసే ఉంది. పేదరికంలో ఉన్న మాజీలను ఆదుకునే కేంద్ర సంక్షేమ నిధి వేరే ఉంది గానీ, దానికి కష్టం వచ్చాక దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ దరఖాస్తు నింపేది చాలాసార్లు ఆటగాడి భార్యే.

మనసు సంగతి

భారత మాజీ కెప్టెన్ వీపీ సత్యన్ 2006 జూలైలో చెన్నైలో ప్రాణం తీసుకున్నారు. వయసు 41. గాయాలు, ఆట దూరమైన వెలితి, మానసిక కుంగుబాటు ఆయన్ను వెంటాడాయి. ఆయనకు ఇండియన్ బ్యాంకులో ఉద్యోగం ఉందన్నది ఇక్కడ గమనించాలి. జీతం ఒక్కటే సరిపోదని దానివల్ల తెలుస్తుంది.

ప్రొఫెషనల్ ఆటగాళ్ల అంతర్జాతీయ సంఘం ఫిఫ్‌ప్రో 2015లో వెలువరించిన అధ్యయనంలో మాజీ ఆటగాళ్లలో 35 శాతం మంది కుంగుబాటు, ఆందోళన లక్షణాలు ఉన్నాయని చెప్పారు. పెద్ద గాయాలైనవారిలో అవి ఇంకా ఎక్కువ. పదహారేళ్ల వయసు నుంచి రోజు ఎలా గడవాలో కోచ్ చెబితే చేసినవాడికి, ముప్పై మూడో ఏట తెల్లవారుజామున లేపేవాడు ఉండడు. బ్రెజిల్ ఫుట్‌బాల్ ఆటగాళ్లలో గరించాను 49 ఏళ్లకు, సోక్రటీస్‌ను 57 ఏళ్లకు మద్యం కబళించింది. సోక్రటీస్ చదువుకున్న డాక్టర్. తనకేం జరుగుతోందో ఆయనకు తెలియక కాదు. మాట్లాడే మనిషి కావాలనుకునేవారికి ప్రభుత్వ టెలీమానస్ నంబరు 14416లో తెలుగులోనూ మాట్లాడతారు.

కప్పు పెట్టే సంతాపం, ఆరా తీసే సంతాపం

డీగో మారడోనా 2020 నవంబరు 25న 60 ఏళ్లకు పోయినప్పుడు అర్జెంటీనా మూడు రోజులు జాతీయ సంతాపం పాటించింది. నేపుల్స్ తన స్టేడియానికి ఆయన పేరు పెట్టుకుంది. మన పక్కన కేరళ క్రీడారంగంలో రెండు రోజుల సంతాపం ప్రకటించింది. అర్జెంటీనాలో అంతటితో ఆగలేదు. మెదడు ఆపరేషన్ తర్వాత అద్దె ఇంట్లో ఉంచి ఆయన్ను ఎవరు, ఎలా చూశారన్న ప్రశ్న కోర్టుకెక్కింది. ఏడుగురు వైద్య సిబ్బందిపై 2025 మార్చిలో విచారణ మొదలైంది, న్యాయమూర్తుల్లో ఒకరి మీదే వివాదం రేగడంతో మేలో రద్దయింది. ఫలితం ఏమైనా, అక్కడ దుఃఖం ఓ ప్రశ్న రూపం తీసుకుంది. ఆస్టిల్ విషయంలో జరిగింది కూడా అదే.

విశాఖలో అది టోర్నమెంట్ రూపం తీసుకుంటుంది. రెండు నిమిషాల మౌనం, ఆర్కే బీచ్‌లో కొవ్వొత్తుల ర్యాలీ, ఏడాది తిరిగేసరికి స్మారక కప్పు. దీన్ని చిన్నచూపు చూడాల్సిన పని లేదు. స్మారక టోర్నీలు లేకపోతే చాలా పేటల్లో కుర్రాళ్లకు నాకౌట్ మ్యాచ్ అన్నదే ఉండదు. పోయిన ఆటగాడి పేరు ఆ పేటలో ఇంకో తరం దాకా వినిపించడమూ వాటివల్లే. అయితే టోర్నీ అతను ఎలా ఆడాడో చెబుతుంది గానీ, ఎందుకు పోయాడో అడగదు. స్టేజీ మీద వరసగా కూర్చుని శాలువాలు కప్పించుకునే అతని తోటి ఆటగాళ్లే తర్వాతి ముప్పున్నవాళ్లు. వాళ్లకు అక్కడికక్కడే బీపీ, షుగర్ చూడటానికి టోర్నీ ఖర్చులో ట్రోఫీ ధర కూడా అవ్వదు.

ప్రసిద్ధుడి మరణం జనాన్ని కదిలిస్తుందనడానికి దగ్గరి ఉదాహరణ ఉంది. 2021 అక్టోబరులో కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకే పోయినప్పుడు బెంగళూరు జయదేవ హృద్రోగ ఆసుపత్రికి పరీక్షల కోసం జనం పోటెత్తారు. కొద్ది వారాలే నిలిచే ఆ భయం, నిలిచినంతసేపు పనికొచ్చేదే.

గ్లాస్గో పరిశోధకులు అంత పెద్ద లెక్క తీయగలిగింది కొత్త యంత్రాలతో కాదు. ఒక పక్క ఆటగాళ్ల పాత జాబితాలు, ఇంకో పక్క ఆరోగ్య, మరణ రికార్డులు ఉంటే, వాటిని పేరు పేరునా కలిపారు. స్పోర్ట్స్ కోటా పుణ్యమా అని విశాఖ సంస్థల దగ్గర ఇవి ఒకే గూటిలో ఉండే వీలుంది. ఎవరు ఏ ఆటతో ఉద్యోగంలో చేరారో సర్వీస్ బుక్కులో, ఏ జబ్బుకు ఎన్నాళ్లు మందులు వాడారో ఆసుపత్రి ఫైల్లో, ఏ తేదీ నుంచి కుటుంబ పెన్షన్ మొదలైందో అకౌంట్స్ విభాగంలో.